శవస్నానం చేయించే అతియ్యాత్

మా రషీదు ఊళ్లో ఎవరైనా పెద్ద వ్యాపారి కన్నుమూస్తే చాలు, పోయినాయన దేవుడి దృష్టిలో ఎంతో గొప్పవాడని మసీదులో షేక్ గారు అంటారు. ఆ సంగతి ఆయనకెవరు చెప్పారో మాత్రం ఎవరూ అడగరు. అతియ్యాత్ పోయిన రోజున ఆయన నోట ఆ మాట రాలేదు. ఆమె పాడె వెనక నడిచింది పదకొండు మంది. ఆమె చేత నీళ్లు పోయించుకోని గడప ఊళ్లో లేదు, అయినా పదకొండు మందే. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. ఆ పదకొండు మందిలో చేపల లారీ షాబాన్ ఒకడు. ఆమె తనకొక్కడికే చెప్పుకున్న సంగతి అతను గోరీ దగ్గర మాకు చెప్పి వెక్కివెక్కి ఏడ్చాడు. దాన్నే పేర్లు మార్చి ఇక్కడ చెబుతున్నాను.

చనిపోయిన ఆడవాళ్లకు చివరి స్నానం చేయించి, కఫన్ గుడ్డ చుట్టడం అతియ్యాత్ పని. ముప్పై ఏళ్లకు పైగా చేసింది. ఆ పనికి ఒక కట్టుబాటు ఉంది. దుప్పటి కింద ఏం కనబడినా బయటికి పొక్కకూడదు. ఒంటి మీద మచ్చలు, పాత గాయాలు, మనిషి బతికుండగా దాచుకున్నవన్నీ స్నానం చేయించే ఆమె దగ్గరే ఆగిపోవాలి. అతియ్యాత్ దగ్గర ఆగిపోయాయి. ఆమె నోరు విప్పి ఉంటే ఊళ్లో సగం మంది తలెత్తుకు తిరిగేవాళ్లు కాదు. అందుకు ఊరు ఆమెకు చేసిన ఉపకారం ఏమిటంటే, ఆమెతో చేయి కలపడం మానేసింది, పెళ్లిళ్లకు పిలవడం మానేసింది. సంతలో ఎదురుపడితే కూరగాయల వహీబా గుండె మీద చేయి వేసుకునేది.

"అమ్మో, వచ్చిందమ్మా కఫన్ కొలతలు తీసుకోడానికి!"

"నీకింకా టైముందిలేవే," అనేది అతియ్యాత్. "అయినా నీ ఒళ్లు రుద్దాలంటే ఈజిప్టులో ఉన్న సబ్బంతా కావాలి. ముందు ఆ టమాటాలు తూచు."

తనని ఏమన్నా ఆమె నవ్వుతూ పడేది. కూతురి దగ్గరికి వచ్చేసరికి మాత్రం నవ్వలేకపోయింది. పడవ మునిగి మొగుడు పోయాక మిగిలింది బహీజా ఒక్కతే. చక్కని పిల్ల, సంబంధాలు వెతుక్కుంటూ వచ్చాయి. రెండోసారి వచ్చిన పిల్లాడి తల్లి టీ సగం తాగి, ఈమె పనేమిటో తెలియగానే గ్లాసు కింద పెట్టేసింది. "ఈ చేతులతోనా కలిపావు?" అంది. ఆ రాత్రి బహీజా ఏడవనైనా లేదు. అదే అతియ్యాత్‌ని కోసేసింది. వారం తిరక్కుండా పిల్లని వెంటబెట్టుకుని దమియెత్తాలో బల్లలు, కుర్చీలు చేసే మరిది రిజ్క్ ఇంటికి తీసుకెళ్లింది.

"దీన్ని నీ కూతురనుకుని పెళ్లి చెయ్యి రిజ్క్. నేను చచ్చిపోయానని చెప్పు."

"అవేం మాటలు వదినా!"

"ఉన్న తల్లి దానికి పనికిరావడం లేదు. పోయిన తల్లి అనుకో, జాలైనా పడతారు."

బహీజా తల్లిని చుట్టేసుకుని వల్లకాదంది. అతియ్యాత్ తిట్టింది, ఒట్టు పెట్టించుకుంది, షాబాన్ లారీ ఎక్కి వచ్చేసింది. పెళ్లికి పిల్ల ఏ రంగు బట్టలు కట్టుకుందో కూడా షాబాన్ చెబితేనే తెలిసింది. తర్వాత రెండేళ్లు అతని చేత నెలనెలా ఖర్జూరాలు పంపేది. పంపిందెవరని అత్తగారు అడిగితే, ఎవరో ఊరివాళ్లని బహీజా చెప్పేదట. ఈలోగా రిజ్క్ పోయాడు. ఆ ఊళ్లో బహీజా తప్ప నిజం తెలిసినవాళ్లు ఇంకెవరూ లేరు.

ఒక సాయంత్రం షాబాన్ మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"అక్కా, పిల్లకి నెలలు నిండాయి. కాళ్లూ చేతులూ వాచిపోయాయి. అమ్మని రమ్మను మామా, ఎవరేమనుకున్నా సరే, ఇక దాచలేనంది."

తెల్లవారుతూనే బయల్దేరారు. సగం దూరం వెళ్లాక అతియ్యాత్ ఒళ్లో చూసుకుని ఉలిక్కిపడింది. శవస్నానానికి వాడే కర్పూరం, రేగాకు పొడి, పీచు ఉన్న మూట! ముప్పై ఏళ్లుగా ఎవరు పిలిచినా దాన్ని చంకన పెట్టుకునే గడప దాటింది. చేయి అలవాటుకొద్దీ అందుకుంది.

"పారేయ్ షాబాన్, కాలవలో పారేయ్! పురిటికి వెళ్తూ ఇదేం ఖర్మ!"

"ఊరుకో అక్కా, గుడ్డమూటకేం తెలుసు," అన్నాడు అతను. లారీ ఆపలేదు.

సందు మలుపు తిరిగేసరికి ఏడుపులు వినిపించాయి. ఆడపిల్లని కని, తెల్లవారుజామున ఫజర్ నమాజు వేళకి బహీజా పోయింది. అతియ్యాత్ లారీ దిగి ఆ ఇంటివైపు నడిచింది. గుమ్మంలో నల్లబట్టల్లో, చేత కర్పూరం మూటతో నిలబడ్డ ముసలిదాన్ని చూసి ఒకావిడ లోపలికి కేకేసింది.

"స్నానం చేయించే ఆమె వచ్చింది, దారివ్వండి! ఆ పసిగుడ్డుని అవతలి గదిలోకి తీసుకుపోండి, ఈమె నీడ పడితే మంచిది కాదు!"

వాళ్లు పక్కపేటలో ఈ పని చేసే ఒకామెకు కబురు పెట్టారట, ఈమే ఆమె అనుకున్నారు. పసిబిడ్డ ఏడుపు ఒక్కసారి దగ్గరగా వినిపించి తలుపు చాటుకు పోయింది. నేను దాని అమ్మమ్మని అని నాలుక చివరిదాకా వచ్చింది. ఒక్క మాట అంటే చాలు, బిడ్డని ఒళ్లో పెట్టేవాళ్లు, ఆమె గుండెలు బాదుకుని ఏడవచ్చు. అనడానికి కూతురు ఒప్పుకుంది కూడా. కానీ ఇప్పుడంటే అబద్ధాలకోరని పేరు పడేది బహీజాకి, మాట పడడానికి మనిషి కూడా లేదు. అవతలి గదిలో ఉన్నది కూడా ఆడపిల్లే. ఇరవై ఏళ్ల తర్వాత దాని కోసం వచ్చినవాళ్లు కూడా టీ గ్లాసు కింద పెట్టేస్తారు. అతియ్యాత్ ఆ వాకిట్లో ఏం వదులుకుందో దేవుడొక్కడే చూశాడు.

"నీళ్లు కాగాయా?" అని అడిగింది.

వెనకే నిలబడ్డ షాబాన్‌కి విషయం అర్థమైంది. సందు చివర కాపు కాసి, అసలు రావలసిన ఆమెను పనైపోయిందని వెనక్కి పంపేశాడు.

అత్తగారు దవ్లత్ చెంబు పట్టుకుని తనే నీళ్లు పోయడానికి నిలబడింది. మంచి మనిషి. ఏడ్చిఏడ్చి గొంతు పోయింది. దుప్పటి కప్పి, కుడివైపు నుంచి మొదలుపెట్టి, మూడుసార్లు నీళ్లు పోశారు. మోకాలి మీద చిన్నప్పుడు రేవులో జారిపడ్డ మచ్చ చేతికి తగిలినప్పుడు అతియ్యాత్ చేతిలోంచి పీచు జారిపోయింది.

"పీచు జారవిడుస్తున్నావేంటమ్మా? కొత్తా ఈ పనికి?" అంది దవ్లత్.

"ముప్పై ఏళ్లమ్మా."

"మరి?"

"చిన్నపిల్ల కదా."

దవ్లత్ బావురుమంది. "బంగారం లాంటి పిల్ల. నిన్నంతా అమ్మ వస్తుంది, అమ్మ వస్తుందని గుమ్మం వైపే చూసింది. చచ్చిపోయిన తల్లి ఎలా వస్తుందే పిచ్చిదానా అన్నాను. ఆ మాట ఎందుకన్నానో."

అతియ్యాత్ దువ్వెన అందుకుంది. తడి జుట్టు దువ్వి, మూడు జడలు అల్లి, తల వెనక్కి వేసింది. పదిహేనేళ్లు రోజూ అల్లిన జుట్టు, వేళ్లకి దారి తెలుసు. కఫన్ చుట్టి, ముఖం ఒక్కటి వదిలి, ముడులు వేసింది. బయట మగవాళ్లు పాడె తెచ్చామని పిలిచారు.

"ఒక్క క్షణం ఆగండి!" అంది దవ్లత్. అతియ్యాత్ మోచెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి పట్టుకోవడానికి ఆవిడ జంకలేదు. "గడప దాటే ముందు కన్నతల్లి పిల్ల చెవిలో చెప్పాలి, నీ మీద నాకు ఏ కోపమూ లేదని. దీనికి తల్లి లేదు. నేను అత్తని, నా మాట ఆ లెక్కలోకి రాదు. పెద్దదానివి, దాని తల్లి బదులు నువ్వు చెప్పి పుణ్యం కట్టుకో."

అతియ్యాత్ వంగింది. పిల్ల చెవి దగ్గర నోరు పెట్టింది.

"నీ మీద నాకు ఏ కోపమూ లేదు తల్లీ. నా కడుపు నీ మీద చల్లగానే ఉంది. నా దేవుడూ నీ మీద చల్లగానే ఉన్నాడు. భయపడకు, వెళ్లిరా."

దవ్లత్ ముసుగు అంచుతో కళ్లు తుడుచుకుంది. "బాగా చెప్పావమ్మా. దాని తల్లి ఎక్కడున్నా వినే ఉంటుంది."

"విందమ్మా," అని అతియ్యాత్ గుడ్డ లాగి ముఖం మీద కప్పింది.