హిమజ కోసం కట్టిన పై గది

యాప్రాల్‌లో సన్యాసిరాజు కొనుక్కున్నది రెండు గదులూ ఒక వంటిల్లూ ఉన్న ఇల్లు. తుని నుంచి చేతిపనొక్కటే నమ్ముకుని నగరానికి వచ్చినవాడు. ఏ.ఎస్. రావు నగర్‌లో మోటార్లకు వైండింగ్ కట్టే చిన్న షాపు పెట్టాడు. ఎండాకాలం బోరు మోటార్లు కాలిపోతే చేతినిండా పని, వానలు పడితే ఈగలు తోలుకోవడం. అలా సంపాదించిన ఇల్లు భార్య లోవలక్ష్మికి, కూతురు హిమజకి, కొడుకు సూర్యకి, తనకి సరిపోయింది. తల్లి అచ్చియమ్మ తుంటి విరిగి మంచాన పడి వచ్చాకే ఇరుకైపోయింది.

ముందు గది అచ్చియమ్మ మంచానికి పోయింది. మిగిలిన గదిలో నలుగురూ సర్దుకున్నారు. హిమజ అప్పుడు ఎనిమిదో తరగతి. వంటింట్లో గ్యాసు బండ పక్కన పీట వేసుకుని చదువుకునేది. ఎదిగే పిల్ల, బట్టలు మార్చుకోవాలంటే తమ్ముణ్ణి బయటికి పంపాలి. లోవలక్ష్మి రోజూ ఏదో ఒక వేళ ఆ మాట ఎత్తేది. మేడ మీద ఒక గది వేయక తప్పదని సన్యాసిరాజుకీ తెలుసు.

లోవలక్ష్మి అక్క రాజ్యం మారేడ్‌పల్లిలో ఉంటుంది. ఆవిడ భర్త వేణుమాధవ్ బ్యాంకు ఉద్యోగి, నెమ్మదస్తుడు. ఒక ఆదివారం వచ్చి, ఇల్లంతా చూసి, తోడల్లుణ్ణి గుమ్మం బయటికి తీసుకెళ్లాడు.

"కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి రాజూ. లోను పెట్టుకో, నేను దగ్గరుండి చూస్తాను. ఏడాది తిరక్కుండా పిల్లకి గది అమరుతుంది."

"అప్పు వద్దన్నయ్యా. ఎండాకాలం డబ్బులొస్తాయి, కొంచెం కొంచెంగా కట్టేసుకుంటాను."

అతని భయం ఊరకే పుట్టింది కాదు. చిన్నప్పుడు అప్పిచ్చినవాడు తెల్లారేసరికి వచ్చి వాళ్ల అరుగు మీద కూర్చునేవాడు. తండ్రి జీడితోటలో దాక్కునేవాడు. "నాన్న ఊళ్లో లేడు" అని చెప్పే పని సన్యాసిరాజుది. ఆ అబద్ధం చెప్పీ చెప్పీ, పెద్దయ్యాక ఒకరికి బాకీ ఉండకూడదని ఒట్టు పెట్టుకున్నాడు. బ్యాంకు వేరు, అరుగు మీది మనిషి వేరు అని వేణుమాధవ్ ఎంత చెప్పినా ఎక్కలేదు.

రాజ్యానికి పిల్లలు లేరు. ఇంట్లో ఒక గది ఖాళీగానే ఉంది. గది పూర్తయ్యేదాకా హిమజని తమ దగ్గర ఉంచమని ఆవిడే అడిగింది. లోవలక్ష్మి ఒప్పుకోవడానికి వారం పట్టింది. హిమజ స్కూలు బ్యాగుతో పాటు తన దిండు కూడా చంకలో పెట్టుకుని తండ్రి స్కూటర్ ఎక్కింది. "స్లాబు పడగానే వచ్చేద్దువు" అన్నాడు అతను.

ఆ వేసవిలో పిల్లర్లు లేచాయి. మరుసటి వేసవికి స్లాబు పడింది. ఆ సాయంత్రం తండ్రి ఫోన్ చేస్తే హిమజ, "అయితే వచ్చేయనా?" అని అడిగింది. గోడలు లేవకుండా ఎలా తల్లీ అన్నాడు. ఆ తర్వాత ఇటుక ధర పెరిగింది, ఇసుక దొరకలేదు, మేస్త్రీ వేరే పనికి పోయాడు. చేతిలో డబ్బున్నప్పుడు పని నడిచేది, లేనప్పుడు ఇనుప చువ్వలు ఆకాశం చూస్తూ తుప్పు పట్టేవి. ఎవరికీ ఒక్క పైసా బాకీ లేకుండా కడుతున్నానని షాపుకొచ్చినవాళ్లకి గొప్పగా చెప్పుకునేవాడు.

అచ్చియమ్మకి మాత్రం మనసు కుదుటపడలేదు. "నా మంచం కోసం పిల్లనెల్లగొట్టీసినావురా" అనేది మనవరాలు వచ్చి వెళ్లినప్పుడల్లా. గోడలు సగానికి రాకముందే ఆవిడ పోయింది.

పెద్దకర్మ అయ్యాక లోవలక్ష్మి ముందు గది కడిగింది. మంచం తీయించేసింది. భర్త అన్నం తింటుంటే ఎదురుగా కూర్చుని, "ఇప్పుడు చోటుంది కదండీ. పిల్లని తెచ్చుకుందాం" అంది.

అతను లేచి చెయ్యి కడుక్కున్నాడు. పదో తరగతి మధ్యలో బడి ఎందుకు మార్చడం అన్నాడు. మీ అక్కాబావలు ఏమనుకుంటారో అన్నాడు. చివరికి అసలు మాట చెప్పాడు: "ఆ పాత గదిలోకి కాదే. కొత్త గదిలోకి తీసుకొద్దాం. దాని కోసమని కడుతున్నాను కదా."

లోవలక్ష్మి ఇంక అడగలేదు. ముందు గదిలో సూర్య పుస్తకాలు పెట్టుకున్నాడు.

పదో తరగతి అయింది, ఇంటర్ అయింది. కరోనాకి షాపు మూతపడి, కిటికీల కోసం దాచిన డబ్బు తిండికి సరిపోయింది. హిమజ పండక్కి వచ్చేది, సాయంత్రానికి వెళ్లేది. వచ్చిన ప్రతిసారీ ఇంకాస్త పొడుగ్గా, ఇంకాస్త మర్యాదగా కనిపించేది. పిల్లకి మంచి నడవడి వచ్చిందని తండ్రి మురిసిపోయాడు. ఆ మర్యాద ఏమిటో అతనికి అందలేదు.

గది పూర్తయ్యేనాటికి ఆమె డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఉంది. గోడలకు లేత నీలం రంగు వేయించాడు. కిటికీ కింద బల్ల చేయించాడు. పాలు పొంగించే రోజు వేణుమాధవ్, రాజ్యం, హిమజ ముగ్గురూ ఒకే కారులో వచ్చారు. హిమజ స్వీట్ల డబ్బా, గోడ గడియారం తెచ్చి తల్లి చేతికిచ్చింది. గదంతా తిరిగి చూసి, చాలా బాగుంది నాన్నా అంది. మంచినీళ్లు కావాల్సి వస్తే, "అమ్మా, గ్లాసులెక్కడున్నాయి?" అని అడిగింది. లోవలక్ష్మి గ్లాసు అందించి, ముఖం పక్కకి తిప్పుకుంది.

భోజనాలయ్యాక రాజ్యం, వేణుమాధవ్ కారులో ముందు వెళ్లారు. చీకటి పడుతుండగా హిమజ లేచింది. "ఇంక ఇంటికెళ్తాను నాన్నా, రేపు కాలేజీ ఉంది."

ఇంటికి అన్న మాట దగ్గర సన్యాసిరాజు ఆగిపోయాడు. ఉండిపొమ్మని అందామనుకున్నాడు. కానీ వెళ్లి స్కూటర్ తీశాడు.

తిరుమలగిరి దాటాక టీ కొట్టు దగ్గర ఆపాడు. ఇద్దరూ టీ తాగారు.

"ఆ గది నీదే తల్లీ. ఎప్పుడొచ్చినా నీదే."

"తెలుసు నాన్నా." ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టి చెప్పింది. "మొదట్లో మీరు ఫోన్ చేసినప్పుడల్లా బ్యాగు సర్దుకునేదాన్ని. పెద్దమ్మ చూసి మళ్లీ బట్టలు బీరువాలో పెట్టేది. నానమ్మ పోయినప్పుడు కూడా సర్దుకున్నాను. తర్వాత ఇంక సర్దుకోలేదు."

"నా మీద కోపముందా?"

"లేదు నాన్నా. అప్పుడుండేది."

కోపముంది అంటే బాగుండునని అతనికి అనిపించింది. కోపమైతే తీర్చే దారి ఏదో ఉంటుంది. ఆమెను మారేడ్‌పల్లిలో దించితే, రాజ్యం గేటు దాకా వచ్చి, ఇంత ఆలస్యమైందేమని మందలించి, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. హిమజ గేటు దగ్గర వెనక్కి తిరిగి చెయ్యూపింది.

గది ఏడాది ఖాళీగా ఉంది. సూర్య పైకి వెళ్లనన్నాడు, అది అక్కదన్నాడు. చివరికి పసిపిల్లతో ఉన్న ఒక జంటకి అద్దెకిచ్చారు. హిమజకి ఉద్యోగం వచ్చింది. నెలకోసారి తల్లిదండ్రుల్ని చూడటానికి వస్తుంది, తమ్ముడికి ఫీజు కూడా కడుతుంది. మంచి కూతురని అందరూ అంటారు, సన్యాసిరాజూ కాదనడు. ఆమె వచ్చే ఆదివారాలు షాపు మూసేసి, ఉదయం నుంచే వరండాలో కూర్చుంటాడు. రాత్రికి ఉండమని మాత్రం ఎప్పుడూ అడగడు.