డెబ్బై నాలుగు డిగ్రీల దగ్గర

ఏడేళ్ల కిందట కెమిస్ట్రీ సారుకు ఒక సంతకం పెడతానని మాట ఇచ్చి తప్పాను. పోయిన వారం కల్వకుర్తి నుంచి ఫోన్ వచ్చింది, సారు ఇక లేరని.

వనపర్తిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో మేమిద్దరం పనిచేశాం. నేను సర్కారు కొలువులో రిటైరై అక్కడ ఫిజిక్స్ చెప్పేవాణ్ని. ఏటా ఆయన మొదటి పాఠం ఒకటే. బల్ల మీద పాల ప్యాకెట్, చక్కెర పెట్టి ఏది శుద్ధ పదార్థమని అడిగేవారు. పిల్లలు ప్యాకెట్ మీద 'శుద్ధమైన పాలు' అన్న అచ్చు చూసి, పాలు అనేవారు.

"అంగట్ల శుద్ధమంటే నీళ్లు కలపలేదని. మన దగ్గర శుద్ధమంటే ఒక్కటే పదార్థం ఉండాలె. పాలల్ల ఎన్ని లేవు?" అనేవారు.

ఒకటే పదార్థమైతే ఒక్క వేడి దగ్గరే కరుగుతుందనీ, మరొకటి కలిస్తే ముందే మొదలై మెల్లగా కరుగుతుందనీ చేసి చూపించేవారు. చూడకుండా అంకె వేసినవాళ్ల చేత రికార్డంతా తిరగరాయించేవారు. అరిగిన చాక్‌పీసులు పారేయక చొక్కా జేబులో వేసుకునేవారు.

నేను మాట తప్పిన ఆ ఏడు ప్రాక్టికల్ పరీక్షల ముందు, కరిగించి చూసే నాఫ్తలీన్ పొడి సీసా ఖాళీ అయింది. ప్రిన్సిపాల్ కిరాణా దుకాణం నుంచి బట్టల్లో వేసే డాంబర్ గోలీలు తెప్పించి, దంచి, అదే సీసాలో పోయించాడు. మేమిద్దరం చూశాం. సారు వద్దన్నా వినలేదు. పరీక్షలో అందరూ పుస్తకంలో ఉన్నట్టు ఎనభై డిగ్రీలని రాశారు. పాన్‌గల్ నుంచి వచ్చే దర్జీ కూతురు మాత్రం డెబ్బై నాలుగుకు మొదలై డెబ్బై ఎనిమిదికి కరిగిందనీ, ఇది శుద్ధ పదార్థం కాదనీ రాసింది. పుస్తకం కంటే నీకెక్కువ తెలుసా అన్నాడు బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్.

"నాకు కనిపించింది రాసిన సార్," అందా పిల్ల.

పొడిలో కల్తీ ఉందని సారు కాగితం రాశారు. మర్నాడు సాయంత్రంలోగా ఇద్దరు లెక్చరర్ల సంతకాలుంటే చూస్తానన్నాడు ఎగ్జామినర్. ఆ మర్నాడు పొద్దున టీ తాగుతూ, రెండో సంతకం నేను పెడతానని సారుతో అన్నాను. మధ్యాహ్నం ప్రిన్సిపాల్ నన్ను పిలిచి, వచ్చే ఏడు ఫిజిక్స్‌కు కుర్రవాణ్ని చూస్తున్నామన్నాడు. అన్నది అంతే. నేను గద్వాల బస్సెక్కి చెల్లెలింటికి పోయాను. పింఛను వచ్చే మనిషిని. ధైర్యం గురించిన వాక్యాల కింద జీవితమంతా గీతలు గీసుకున్న మనిషిని.

అమ్మాయి పరీక్ష తప్పింది. తండ్రి మళ్లీ పంపలేదు, కుట్టుమిషన్ ముందు కూర్చోబెట్టాడు. సారు ఆ నెలలోనే మానేసి కల్వకుర్తిలో ట్యూషన్లు పెట్టుకున్నారు.

సంతాప సభలో అదే ప్రిన్సిపాల్ చాలాసేపు మాట్లాడి, సారును స్వచ్ఛమైన మనిషన్నాడు. నేను లేచి సీసా సంగతి మొదలుపెట్టగానే మైకు తీసేసుకున్నారు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

పోయిన నెల దవాఖానలో సారును చూశాను. ఆ అమ్మాయి ప్రస్తావన వచ్చింది. కళ్లు మూసుకునే చెప్పారు.

"డెబ్బై నాలుగుకు మొదలైంది, డెబ్బై ఎనిమిదికి అయిపోయింది. గా పిల్ల మంచిగ చూసింది సార్."

నేను సంతకం మాట ఎత్తాను.

"ఏం సంతకం? నాకు యాదికి లేదు. జర ఆ కిటికీ తెరువుండ్రి."

తెరిచాను. ఆయన ముఖం మీద ఎండ పడింది. డిగ్రీలన్నీ గుర్తున్న మనిషి, చూడని అంకె ఒక్కటీ రాయనివ్వని మనిషి, నా కోసం అబద్ధమాడారు. నేను తిట్లు తినడానికే పోయాను. ప్రిన్సిపాల్ ఎలాంటివాడో నాకు తెలుసు, నేనెలాంటివాణ్నో తెలుసు. నన్ను ఒక్క మాటా అనకుండా పోయినందుకు నేనింకా నిందించేది మా కెమిస్ట్రీ సారునే.