ముక్కు తిరిగొచ్చిన దారి

స్మెల్‌స్కేప్ అనే ఇంగ్లీషు మాటను కనిపెట్టింది నేనేనని బాన్సువాడలో చాలామందికి చెప్పాను. కొందరు నమ్మారు కూడా. డిగ్రీ చదివే మనవరాలు మాత్రం నమ్మలేదు.

"తాతా, ల్యాండ్‌స్కేప్‌ల ల్యాండ్ తీసేసి స్మెల్ పెట్టిన్రు. కంటికి కనబడేటట్టే ఒక చోటుకు వాసనల రూపం గూడ ఉంటదని భూగోళం చదివిన ఒకాయన ఎనభైలల్లనే రాసిండు," అంది.

నా సంగతి తొంభైల్లోది. కాబట్టి మాట నాది కాదు, ఒప్పుకుంటున్నాను. కానీ ఆ రూపం ఒకసారి నాకు మొత్తం చెరిగిపోయింది.

అప్పుడు వడ్ల దలాలీ చేసేవాణ్ణి. కల్లంలో పిడికెడు వడ్లు తీసి, అరచేతుల్లో నలిపి, వాసన చూసి తడి ఎంతో చెప్పాలి. ఆ ఏడు కోతల ముందు జ్వరం వచ్చింది. పోతూ పోతూ ముక్కును వెంట తీసుకుపోయింది. పోపు తెలియదు, సాంబ్రాణి తెలియదు. ఈ సంగతి బయటపడితే నన్ను కల్లానికి పిలిచేదెవరు? భార్యకు తప్ప ఎవరికీ చెప్పలేదు. మూడు వారాలు వడ్లు ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని, "ఇంక పచ్చిగున్నయన్నా, రెండెండలు గావాలె" అని తీర్పులిచ్చాను. ఒక్కరూ పసిగట్టలేదు.

సరే, అదీ అబద్ధమే. మూడోరోజే మా హమాలీ పట్టేశాడు. పాపం, మంచివాడు. నా వెనక నిలబడి గింజ కొరికి చూసేవాడు. ఎండితే ఒకసారి దగ్గేవాడు, పచ్చివైతే రెండుసార్లు. ఒక రైతు, "ఏంది బావా, గీయనకు దగ్గు తగ్గుత లేదు, దవాఖానకు తోల్కపోరాదు?" అన్నాడు.

ఒకనాడు పెద్ద కొడప్‌గల్ నుంచి భార్యతో ఆటోలో వస్తున్నాను. ఉన్నట్టుండి చెరుకుతోట తియ్యగా ముక్కుకు తగిలింది. ఆ వెనకే తడిసిన గడ్డి. ఊళ్లోకి రాగానే బీడీలకు నానేసిన తునికాకు, బస్టాండులో మిర్చీల నూనె. కళ్లు మూసుకున్నా ఎక్కడున్నానో తెలుస్తోంది! గుండెల మీది బండ దిగినట్టయింది. ఆటోలోనే ఏడ్చేశాను.

ఇంతవరకు రాసి భార్యకు చదివి వినిపించాను.

"చెరుకుతోట లేదు, ఏం లేదు," అంది. "నీకు మొదలు కొట్టింది నీ బనీను. 'ఏందే గీ కంపు' అని నన్నే అడిగినవ్. వారం సంది ఇడువక పోతివి, కంపు గొట్టదా మరి?"