సాలెపురుగు అని చదివాను

నా చిన్నప్పుడు మా గల్లీకంతటికీ ఇంగ్లీషు నేనే. మన్నెగూడ నుంచి మా ఇబ్రహీంపట్నం దాకా సాగర్ రోడ్డుకు అటూ ఇటూ పొలాల్లో ప్లాట్ల రాళ్లు లేస్తున్న రోజులవి. మా బాపు కూడా ఓ మెట్ట చెలక అమ్మి, ఆ ఊపులో నన్ను ఇంగ్లీషు మీడియం బడిలో వేశాడు. ఆరో తరగతి దాటకపోయినా, కరెంటు నోటీసైనా మందు సీసా మీది రాతైనా నా దగ్గరికే వచ్చేది. వచ్చింది చదివేదాన్ని, రానిది మింగేసేదాన్ని. ఎవరూ పట్టుకునేవారు కాదు. ఎట్లా పట్టుకుంటారు, వాళ్లకు అదీ రాదాయె.

పక్కింటి అక్కకు నేనంటే ప్రాణం. దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ బట్టల షాపులో పని ఆమెకు. పొద్దున్నే బస్సెక్కిపోతే దీపాలు పెట్టే వేళకు వచ్చేది. ఆ షాపులో గిరాకీ ఉన్నా లేకున్నా ఆడపిల్లలు కూర్చోకూడదు, కూర్చోవడానికి స్టూలు కూడా వేసేవారు కాదు. అయినా అక్కకు దిగులు లేదు. ఇంట్లో సొంత కాళ్ల మీద నిలబడ్డ మొదటి ఆడపిల్ల తానేనని మురిసిపోయేది. మొదటి జీతంతో వెండి పట్టీలు కొనుక్కుని, అవి మోగేలా నడిచేది.

రెండు మూడేళ్లకు ఆ పట్టీల పైన, పిక్కల మీద, మోకాళ్ల వెనక సన్నటి గీతలు తేలాయి. కొన్ని ఎర్రవి, కొన్ని నీలంవి, చిక్కుపడ్డ దారపు పోగుల్లా ఉండేవి. సాయంత్రానికి కాళ్లు గుంజేవి. ఎవరైనా చూస్తే పనిలోంచి తీసేస్తారేమోనని భయపడి, చీర కుచ్చిళ్లు కిందికి జార్చి కట్టేది. చివరికి ధైర్యం చేసి షాపు దగ్గరి దవాఖానలో చూపించుకుంది. అక్కడ విపరీతమైన జనమట. డాక్టరమ్మ ఒక్క చూపు చూసి, భయం లేదని, ఓ అచ్చు కాగితం చేతిలో పెట్టి, చదివించుకుని మళ్లీ రమ్మన్నదట.

ఆ కాగితం నా ముందుకొచ్చింది. అరుగు మీద అక్క, పక్కన వాళ్లమ్మ. ఆమెను నేను పెద్దమ్మ అనేదాన్ని. కాగితం పైన పెద్ద అక్షరాలతో రెండు మాటలున్నాయి, స్పైడర్ వెయిన్స్ అని. మొదటిది మా బొమ్మల పుస్తకంలో ఉంది. రెండోది నాకు తెలియదు. కిందిదంతా చీమల బారు. "సాలెపురుగు" అన్నాను గొప్పగా.

పెద్దమ్మకు అది చాలు. మా వైపు ఒంటి మీద పొక్కులు లేస్తే సాలెపురుగు ఉచ్చ పోసిందంటారు. జాజు అనే ఎర్రమట్టి పూసి మంత్రం వేస్తారు. "నేను సెప్తనే ఉన్న, గది సాలెపురుగు ఉచ్చనే. గీ దానికి దవాఖానేంది?" అంది పెద్దమ్మ. అక్క ఒప్పుకోలేదు. "గట్లయితె మంట లేసేది గదనే. నాకు మంటనే లేదు" అని నా వైపు తిరిగింది. "చెల్లె, జర మంచిగ సూడు. గంతే రాసి ఉన్నదా?"

ఆ రెండో మాట నా వేలి కిందే ఉంది. తెలియదు అనడానికి నోరు రాలేదు. "అవ్ అక్కా, గంతే" అన్నాను.

మూడు రోజులు జాజు పూసినా గీతలు పోలేదు. నాలుగో రోజు పెద్దమ్మ జీడిగింజను దీపం మీద కాల్చింది. బట్టల మీద చెరగని గుర్తులు పెట్టే ఆ నల్లటి రసాన్ని సూది మొనతో తీసి, గీతల వెంబడి చుక్కలు పెట్టింది. పెద్దమ్మది చెడ్డ మనసు కాదు, ఆమెకు వాళ్లమ్మ అట్లాగే పెట్టిందట. అక్క పళ్లబిగువున ఓర్చుకుంది. తెల్లారేసరికి పిక్కల నిండా పొక్కులు లేచాయి. అవి పుండ్లయ్యాయి. నెల తిరిగేసరికి షాపులో అక్క చోట ఇంకో అమ్మాయి నిలబడింది. పట్టీలు గూట్లోకి పోయాయి. నేను ఆ ఇంటి వైపు పోవడం మానేశాను. గిన్నెలో కూర ఇచ్చి రమ్మని మా అమ్మ అంటే, కడుపునొప్పి అనేదాన్ని.

పుండ్లు కాస్త ఆరాక, అక్కే మా గుమ్మంలోకి వచ్చి, తోడు రమ్మని నన్ను బస్సెక్కించింది. సాలెపురుగు ఉచ్చ అనుకుని జీడి పెట్టామని అక్క చెప్పగానే, ఆ కాళ్లు చూసి డాక్టరమ్మ మండిపడింది. ఇది సాలెపురుగు పని అని ఎవరు చెప్పారు, కాగితం ఎవరు చదివారు అని గద్దించింది. నేను అక్క వెనక్కి జరిగాను. అక్క నా చెయ్యి పట్టుకుని, "ఎవ్వలు సదవలేదమ్మా. నాకే సమజ్ కాక గట్ల చేసుకున్న" అంది.

డాక్టరమ్మ మెత్తబడింది. ఆ రోజే కూర్చోబెట్టి చెప్పాల్సింది, తన తప్పు కూడా ఉందని ఒప్పుకుంది. తర్వాత నిదానంగా చెప్పింది. కాళ్లలో రక్తం పైకి ఎక్కాలి. గంటల తరబడి నిలబడితే అది కిందే ఆగి, చర్మం కింది సన్నటి రక్తపు నరాలు ఉబ్బి పైకి కనబడతాయి, కొందరికి తల్లి నుంచీ వస్తాయి. వెయిన్స్ అంటే ఆ నరాలే, చూడ్డానికి సాలెగూడులా ఉంటాయని ముందు స్పైడర్ అన్న మాట, అంతే. ఇవి అంటవు, చాలామందికి ప్రమాదం కావు. బరువుగా ఉంటే నడవాలి, వీలైనప్పుడు కాళ్లు ఎత్తి పెట్టుకోవాలి, బిగుతు మేజోళ్లు వేసుకోవాలి. పోగొట్టుకోవాలనుంటే సన్నటి సూదితో నరంలోకి మందు ఎక్కిస్తారు, నరం లోపల అతుక్కుపోయి కొన్ని వారాల్లో వెలిసిపోతుంది. కొత్తవి మళ్లీ రావచ్చు. ఇదంతా ఆ కాగితంలోనే ఉందట.

తిరుగు బస్సులో అక్క నాకు పల్లీలు కొనిపెట్టింది. తిట్టినా బాగుండేది. చెప్పేద్దామని మన్నెగూడ దాకా అనుకున్నాను, బొంగులూరు దాకా అనుకున్నాను. అంతలో ఇబ్రహీంపట్నం వచ్చేసింది.

చర్మం పూర్తిగా మానాక అక్క ఆ సూదులు వేయించుకుంది. గీతలు మెల్లగా వెలిసిపోయాయి. జీడి మచ్చలు మాత్రం అట్లాగే ఉండిపోయాయి. వాటికి డాక్టరమ్మ దగ్గర కూడా మందు లేదు. అక్క మళ్లీ షాపుకు పోలేదు, ఇంట్లోనే మిషన్ కుట్టుకుంది. పట్టీలు పెట్టుకోగా నేను మళ్లీ చూడలేదు.

ఇప్పుడు నా తల సగం నెరిసింది. బడిలో ఇంగ్లీషు చెబుతాను. నిలబడీ నిలబడీ నా పిక్కల మీద కూడా అవే గీతలు తేలాయి. స్నానం చేసినప్పుడల్లా అక్క గుర్తొస్తుంది, నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

పోయినేడు బొంగులూరులో అక్క కట్టుకున్న ఇంటికి వెళ్లాను. ఆమె తన రక్తపరీక్ష కాగితం నా చేతికిచ్చి చదవమంది. చదువుతూ ఓ మాట దగ్గర ఆగాను. "ఇది నాకు తెల్వదక్కా, డాక్టర్‌నే అడుగుదం" అన్నాను.

అక్క మచ్చల మీదికి చీర జరుపుకుని నవ్వింది. "గా దినం గూడ నీ వేలు రెండో మాట మీద ఆగింది చెల్లె. నేను సూసిన" అంది.

"మరెందుకు నమ్మినవ్?"

"సదువుకున్న పిల్ల, నాకు అబద్ధం సెప్తదా అనుకున్న."

ఆమె గొంతులో కోపం లేదు. అందుకే నాకు ఏడుపు ఆగలేదు. ఎవరి కాగితం చేతికొచ్చినా, రాని మాట మీద వేలు ఆపి, ఇది నాకు తెలియదని పైకి చెప్పడం నాకు ఎప్పుడో అలవాటైంది. కానీ ఆ ఒక్క మాట అక్కకు చెప్పడానికే నాకు ఇన్నేళ్లు పట్టింది.