దుప్పటి కింద డీఫ్రాగ్

ఆ రోజుల్లో మా తిరువళ్ళూరు పక్క ఎవడి చొక్కా జేబులో పెన్ డ్రైవ్ కనిపిస్తే వాడే ఇంజనీరు. నేను చెన్నైలో ఒక ఆఫీసులో డేటా ఎంట్రీ చేసేవాణ్ణి. అంటే పొద్దున్నే లోకల్ రైల్లో వేలాడుతూ పోయి, సాయంత్రం దాకా ఎవరెవరి పేర్లో టైపు చేసి, మళ్ళీ వేలాడుతూ రావడం. అయినా చుట్టాలందరికీ నేను 'కంప్యూటర్ బావ'ను. (ఆ పేరు నువ్వే పెట్టుకున్నావని మా చెల్లెలు అంటుంది. అననివ్వండి.) ఎవరి కంప్యూటర్ నిదానించినా నా దగ్గర మందు ఒకటే, డీఫ్రాగ్. డిస్కులో చెల్లాచెదురుగా పడిన ముక్కలను ఒకచోట చేర్చే పని అది. తలనొప్పికీ కాలినొప్పికీ ఒకే మాత్ర రాసే డాక్టరులా అందరికీ అదే చేసేవాణ్ణి.

అలాంటి నన్ను, ఇస్త్రీ చొక్కా జేబులో పెన్ డ్రైవ్‌తో సహా, వెంటబెట్టుకుని మా అమ్మ ఒక ఆదివారం అత్తిమంజేరిపేటకు పిల్లను చూడ్డానికి బయలుదేరింది. ఫోటో చూసిన రోజే మనసు పారేసుకున్నాను. ఈ సంబంధం తప్పిపోతే ఇక నాకు పెళ్ళే వద్దనుకున్నాను. కేసరి, బజ్జీ వచ్చాయి. పిల్ల వచ్చి, దండం పెట్టి కూర్చుంది. అంతలో పిల్ల నాన్న, వరసకు నాకు మామ, మూలన ఉన్న కంప్యూటర్ చూపించి, "అల్లుడా, ఇది ఆన్ చేస్తే శానా మొరాయిస్తా ఉండాది. నువ్వు ఇందులో పెద్ద ఆళంట కదా, కొంచెం చూడబ్బా" అన్నాడు. చూడబ్బా అంటే చాలదూ! మానిటరుకు ఆయుధపూజ నాటి గంధం, కుంకుమ అలాగే ఉన్నాయి. సీపీయూ పెట్టె మీద అత్త పాత దుప్పటితో కుట్టిన మందపాటి తొడుగు, దాని అంచులకు జరీ, బటన్ దగ్గర మాత్రం ఒక చిన్న కన్నం. "తొడుగు భలే కళగా ఉందత్తా" అని మెచ్చుకుని మరీ డీఫ్రాగ్ మొదలుపెట్టాను.

తెర మీద ఎర్రచారలు, నీలంచారలు. "ఈ ఎర్రవన్నీ రోగం మామా, నీలంగా మారితే ఆరోగ్యం" అంటూ ఉపన్యాసం దంచాను. ఆ ఇంట్లో ఒక పట్టింపు ఉంది. మొదలుపెట్టిన పని సగంలో ఉండగా శుభం మాట ఎత్తకూడదట. చారలేమో కదలవు. పెట్టె రొప్పుతోంది. కేసరి చల్లారిపోయింది. "శీఘ్రం కానీరా, రాహుకాలం వచ్చేస్తాది" అని అమ్మ పళ్ళు నూరింది. "హార్డ్ డిస్కుతో తొందర పనికిరాదమ్మా" అన్నాను గంభీరంగా. ఆ మాట ఇంకా నోట్లో ఉండగానే తెర నల్లబడింది.

"ముక్కలు మరీ ఎక్కువైనట్టున్నాయి..." అని నేను నసుగుతుంటే పిల్ల లేచి వచ్చి, ఆ తొడుగును లాగి పక్కన పడేసింది. గుప్పున వేడి కొట్టింది. "తాకి చూడమ్మా, దీని మీద దోసె పోసుకోవచ్చు" అంది వాళ్ళమ్మతో. కాసేపు చల్లారనిచ్చి బటన్ నొక్కితే అది చక్కగా లేచి కూర్చుంది. "నేను ఒంటిగా ఉంటే దీన్ని తీసేస్తా, బాగానే పనిచేస్తాది. నాన్న కూర్చుంటే, చుట్టాలొస్తే అమ్మ మళ్ళా తొడిగేస్తాది" అంది.

"మరి ముందే చెప్పకూడదా?" అన్నాను, చెమట తుడుచుకుంటూ.

"మీరు యాడ అడిగినారు? వచ్చినప్పట్నుంచీ మీరే చెప్తా ఉండారు."

మామ పైకప్పు వైపు చూశాడు. అమ్మ నా వైపు చూసింది. సిగ్గుతో చచ్చిపోయాను. సంబంధం పోయిందని తెలిసిపోయింది, ఇక దాచుకోవడానికి ఏమీ లేక, "నాకు తెలీలేదు" అన్నాను. నా నోట ఆ మాట వినడం మా అమ్మకు కూడా అదే మొదలు.

మామ గోడ గడియారం చూసి, "పెట్టె పని అయింది, రాహుకాలానికి ఇంకా టైముండాది. ఏమ్మా?" అన్నాడు కూతురితో.

"తెలీదని చెప్పను ఈయనకు వచ్చింది కదా, సరే నాన్నా" అంది.

ఇప్పటికీ ఎవరైనా లాప్‌టాప్ తెస్తే నేను ముందు దాని కిందేమైనా పరిచారేమో చూస్తాను. ఇంట్లో ఏ యంత్రం గురించైనా గొంతు సవరించుకున్నానంటే మా ఆవిడ పనాపి వచ్చి ఎదురుగా కూర్చుంటుంది, నేను గొంతు దించేస్తాను. ఆ ఇస్త్రీ చొక్కా కుర్రవాడు గుర్తొస్తే నవ్వొస్తుంది, కాస్త అసూయ కూడా వేస్తుంది. ఎన్ని తెలుసు వాడికి! అన్ని తెలిసినవాణ్ణి నేను మళ్ళీ ఎప్పుడూ కాలేకపోయాను.