మేడ కనపడకపోతే ఎలా

ఇవాళ హార్బర్ వైపు వెళ్తూ మన పాత బడి ముందు ఆగాను. కూలగొట్టడానికి గోడల నిండా ఎర్ర రంగుతో గుర్తులు వేశారు. వానకు తడిసిన సున్నం వాసన గుప్పుమంది. ఆ వాసన మీకూ గుర్తుందా?

నాకు దానితోపాటు గౌరమ్మ గుర్తొచ్చింది. జాలరిపేట పిల్ల, ఐదో తరగతిలో నా పక్కనే కూర్చునేది. తుపానుకు వాళ్ల నాన్న పడవ తిరిగి రాలేదు. ఆ ఏడాదంతా బడి మేడమీద కిటికీ దగ్గర నిలబడి సముద్రంకేసి చూసేది. టీచరుగారు కూడా కూర్చోమనేవారు కాదు.

ఇవాళ గేటు దగ్గర చేపల తట్ట దించుకుని గౌరమ్మే కనిపించింది.

"కూల్చొద్దని ఆపీసర్ని అడిగినానే. పాత గోడలే కదమ్మా, నీకేటి అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"సంద్రం మీంచి వొచ్చేవోళ్లకి ముందు ఈ మేడే కనపడతాది. ఇది లేకపోతే మా అయ్య ఊరెలా పోల్సుకుంటాడు అన్నాను."

ఆమె పక్కనే మెట్టు మీద కూర్చున్నాను.

రేపు పొద్దున్నే మిషన్లు వస్తాయట. మన బ్యాచ్‌వాళ్లు ఊళ్లో ఎవరున్నా రండి. గౌరమ్మ ఒక్కతే ఉంది.