ఆట మాటలు గిట్టని డ్రిల్లు మాస్టారు

మా డ్రిల్లు మాస్టారు పోయారని పొద్దున్నే ఫోనులో చూశాను. "ఎనభై దాటి అవుటయ్యారు, మంచి ఇన్నింగ్సే" అని మా పాత విద్యార్థుల గ్రూపులో ఒకరు పెట్టారు. "పైనున్న అంపైరు వేలెత్తాడు" అని ఇంకొకరు. కింద వరసగా దండం బొమ్మలు. ఒళ్లు మండింది. బతికున్నన్నాళ్లూ ఆ మాటలు వద్దని మొత్తుకున్న మనిషికా ఇది?

కైకలూరు హైస్కూల్లో ఆయన మాకు కబడ్డీ నేర్పారు. చుట్టుపక్కల పోటీల్లో మైకు కూడా ఆయనదే. "ఎడమ వైపు నుంచి వెళ్లాడు. మడమ పట్టారు. దొరికాడు." అంతే. వెనక నిలబడి ఆట కనిపించనివాళ్లకు కూడా కనిపించేది.

తర్వాత కమిటీవాళ్లు ఆ మైకు నాకిచ్చారు. చప్పగా ఉందని ఆయన్ని మాన్పించారు. నేను "సింహం వేటకు దిగింది, రణరంగం రగిలింది" అంటూ గొంతు చించుకుంటే జనం ఈలలు వేశారు. దిగి వచ్చాక ఆయన ఒక్కటే అడిగారు.

"ఇంతకీ ఆ కుర్రాడు ఎలా తప్పించుకున్నాడయ్యా?"

నేను చూడనే లేదు.

మైకులోనే అయితే సరే. మీరూ వింటూనే ఉంటారు, పెళ్లి కుదిరితే సిక్సరు, ఉద్యోగం పోతే క్లీన్ బౌల్డు. కలిదిండిలో రొయ్యల చెరువులో నష్టపోయినాయన్ని ఎవరో అలాగే పలకరిస్తే, మాస్టారు అక్కడే కసిరారు. "ఆయన ఏడుస్తున్నాడు. కాసేపు పక్కన కూర్చోండయ్యా."

మొన్న వేసవిలో ఆయన్ని ఏలూరు ఆస్పత్రికి నేనే తీసుకెళ్లాను. డాక్టరు రిపోర్టులు చూసి నవ్వు తెచ్చుకున్నాడు.

"బంతి ఇంకా మన కోర్టులోనే ఉందండీ. చివరిదాకా ఆడదాం మాస్టారూ."

"ఏవండీ, నేను ఆటలు నేర్పినవాణ్ణి. ఇది ఆట కాదండీ. ఎన్నాళ్లుంటానో చెప్పండి."

డాక్టరు కాగితాలు పక్కన పెట్టాడు. "రెండు మూడు నెలలండీ. నొప్పి తెలియకుండా చూసుకుంటాం."

"అదండీ మాట," అన్నారు మాస్టారు. ఆ గదిలో ఊపిరి పీల్చుకున్నది ఆయనొక్కరే.

తిరిగి వస్తూ కొల్లేరు వంతెన మీద కారు ఆపమన్నారు. దిగి రెయిలింగు పట్టుకుని నిలబడ్డారు. దూరంగా గూడబాతులు లేస్తున్నాయి. ఏదో ఒకటి అనకపోతే ఏడ్చేస్తానేమోనని నోరు తెరిచాను. ఆయన నా చేతి మీద చెయ్యి వేశారు. ఊరుకుని చూశాను. ఒక పెద్ద పక్షి కాళ్లతో నీటిని తన్నుకుంటూ చాలా దూరం పరుగెత్తింది. తర్వాత బరువుగా, మెల్లగా, నీళ్లోడుతూ పైకి లేచింది.